పదును

టంగుటూరులో బస్సు దిగేసరికి
సంచిలో నలభై సమ్మతి పత్రాలు,
వేలిముద్రలకి ఇంకు డబ్బా, ఒక స్టాప్‌వాచ్,
నైతిక సంఘం ముద్ర కొట్టిన ఉత్తరం.
దుఃఖాన్ని అడగడానికి నాకు అనుమతి ఉంది,
మార్చి ముప్పయ్యొకటి దాకా.

గ్రేడింగు షెడ్డులో ఘాటు
ముందు కళ్ళని ఆపుతుంది, తర్వాత గొంతుని.
రెండు వరసల ఆడవాళ్ళు, ఒళ్ళో పొగాకు.
నిమ్మపండు రంగు ఒక కుప్ప, నారింజ ఒక కుప్ప,
మచ్చ పడింది ఇటు, పచ్చి మిగిలింది అటు.
వాళ్ళు చూడరు. వేళ్ళు చూస్తాయి.

"ఈ పదిహేను దినాల్లో," అని మొదలుపెట్టాను,
"మనసుకి సంతోషం లేకుండా ఎన్నాళ్ళు గడిచాయి?
సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె చెప్పండి."
మస్తాన్‌బీ దగ్గుతూ నవ్వింది.
"మూడే ఏసుకో పాపా.
సంతోషాన్ని మా కూలిలో కలపలా."

ఈ ప్రశ్నలకి ఏడాదిన్నర పట్టింది.
ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒకరు,
ఆ ఇంగ్లీషు మొహం చూడని ఇంకొకరు
మళ్ళీ తెలుగు నుంచి ఇంగ్లీషులోకి.
"గుండె బరువెక్కింది" అని పంపితే
గుండెజబ్బై తిరిగొచ్చింది.
"దిగులు" సెలవులకి వచ్చిన హాస్టలు పిల్లలా
సగం చిక్కి వచ్చింది.
"ఉసూరుమనడం" అసలు రానేలేదు.
విశాలాక్షి మేడం మార్జిన్లో ఎర్రగా రాసింది:
హెప్సిబా, ప్రశ్నకి ఇంకా పదును పెట్టు.
పెట్టాను.
వెంట్రుకని నిలువునా చీల్చేంత.

ముప్పయ్యేడో మనిషి రాయపూడి రూతమ్మ.
వయసు యాభై అని ఆమె,
అరవై రెండని ఆధారు.
ఎనిమిది ప్రశ్నలకీ ఆకు తిప్పినట్టే
చకచకా అంకెలు తిప్పేసింది.
తొమ్మిదోది, బతకబుద్ధి గురించి అడిగేది,
అడిగాను.
వేళ్ళు ఆగాయి.
స్టాప్‌వాచ్ ఆగలేదు.

పక్కనున్న కట్టలోంచి ఒక ఆకు లాగి
నా అరచేతిలో పెట్టింది. "పట్టుకో."
పట్టుకున్నాను.
గలగలమని పొడై ఒళ్ళో రాలింది.

"బ్యారన్లోంచి తీసింది తీసినట్టు ముట్టుకుంటే అంతే అమ్మే.
తలుపులు బార్లా తీసిపెట్టి
రాత్రి గాలి పోనియ్యాల.
మంచు తగిలి మెత్తబడినాక
తెల్లారగట్ల వచ్చి చెయ్యి పెట్టాల.
ఆకు పదునుకు రావాల.
రానిదాన్ని నువ్వేం అడిగినా
పొడే గదా చెప్పేది."

నాలుగేళ్ళ చదువులో
నాకు తెలిసిన పదును వేరు.

గడియారం సంచిలో పడేసి పక్కన కూర్చున్నాను.
ఎవరూ పట్టించుకోని అడుగు కుప్ప నా ముందుకి తోసింది.
అన్నీ తప్పు కుప్పల్లోనే వేశాను,
షెడ్డు షెడ్డంతా నవ్వింది.
ఆ రోజు ఆమె ఏమీ చెప్పలేదు.
మర్నాడు వేలంలో వెనక్కొచ్చిన బేళ్ళ సంగతి చెప్పింది,
కోడిపిల్లని ఎత్తుకుపోయిన గద్ద సంగతి,
మోకాలి నొప్పి.
మూడో రోజు, లారీ రాకముందు,
ఇంకా చీకటిగానే ఉండగా,
నా వైపు చూడకుండా అంది:
"నీ తొమ్మిదో ప్రశ్న ఉండాదే..."

ఏం చెప్పిందో ఈ పద్యంలో ఉండదు.
ఆమె వేలిముద్రకి నేనిచ్చిన మాట అది.
ఆ పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి
ఒంగోలు పెద్దాసుపత్రికి పోయామని మాత్రం చెప్పగలను.
టికెట్లు ఆమే తీసింది.

ఇరవై నిమిషాల్లో ముగియాల్సిన ముఖాముఖి
మూడు రోజులు పట్టింది కాబట్టి
నియమం ప్రకారం రూతమ్మ లెక్కలోకి రాదు.
నా సిద్ధాంత గ్రంథంలో నలభై
ముప్పైతొమ్మిదిగా అచ్చవుతుంది.
కింద చిన్నక్షరాల్లో ఒక గమనిక:
ఒకరిని మినహాయించడమైనది.

శుక్రవారాలు మందుల కోసం వస్తుంది.
వరండాలో నా చెయ్యి లాక్కుని
ఇంకా పోని ఆ గోళ్ళ రంగుని
వెలుగుకేసి తిప్పి చూస్తుంది.
"మూడో రకం," అంటుంది.
"పర్లా. పదునుకొస్తండావు."