ఓడ రెండుసార్లు కూసేది

తొమ్మిదింటి క్లాసుకి
ఎనిమిదీ యాభై తొమ్మిదికి లేచేవాణ్ణి.
కంచరపాలెంలో మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడన
పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ.

సన్యాసిరావు మాస్టారు అలల గురించి చెబుతూ
నోరు తెరిచి ఆగిపోయేవారు.
ఆ నోట్లోంచి తరవాతి మాట రాలేలోగా
మా అమ్మ రేషన్ బియ్యం తెచ్చి, చెరిగి,
రాళ్లు కూడా ఏరేసేది.

కొర్రా బలరాం అరకు పైన ఎక్కడో
సిగ్నల్ కోసం గుట్టెక్కి కూచునేవాడు.
వాడి గొడుగు మీద వాన, నా మెడ మీద ఉక్క.
ఒకే హాజరుపట్టీలో రెండు రుతువులు.

హార్బర్‌లో ఓడ కూసేది.
ముందు నా చెవికి.
తరవాత, పెదజాలారిపేట నుంచి
నూకరత్నం మైకులోంచి,
చేపల బేరాల మధ్య నలిగి, మళ్లీ.
మ్యూట్ మర్చిపోయిందని అందరూ నవ్వేవారు.
నేను లెక్కేసుకునేవాణ్ణి:
మా ఇద్దరికీ మధ్య ఏడు కిలోమీటర్లు కాదు,
రెండు సెకన్లు.
నెట్ బాగున్న రోజున ఒకటిన్నర.

ఇప్పుడు యూనివర్సిటీ తెరిచారు.
మాస్టారు ఇంత పొట్టి అని ఎవరికీ తెలీదు.
మద్దిలపాలెంలో బస్సు ఆగితే
అరగంట నిజంగానే అరగంట పడుతోంది.
నాలుగో బెంచీ. ఆ చివర తను, ఈ చివర నేను.

ఓడ కూసింది.
ఒక్కసారే.
రెండోది వస్తుందని
పెన్ను గాల్లో పట్టుకుని అలాగే ఉన్నాను.

నూకరత్నం ఇటు తిరిగింది.
"ఏటి, ఆగిపోనావు?
నెట్ పోయిందా?"