కిటికీ అద్దం

ఎల్ ఆల్టో. పదమూడు వేల అడుగుల ఎత్తు.
ఇక్కడ గాలి ఎప్పుడూ అరకొరే,
పొదుపుగా పీల్చడం పుట్టుకతోనే వస్తుంది.
ఫ్లోరెంసియాదే దుబారా చెయ్యి:
నా మినీబస్సు తలుపుకి వేలాడుతూ
"సేహా, సేహా, రియో సెకో!" అని
రోజుకి పద్నాలుగు గంటలు
ఊపిరిని కేకలుగా ఖర్చుపెట్టేది.

జబ్బొచ్చిన మొదటి ఏడాది
టైర్లకి క్లోరిన్ కొట్టారు,
చెప్పుల అడుగులు కడిగించారు,
చిల్లరని సబ్బునీళ్లలో నానబెట్టాను నేను కూడా.
అది గాల్లోనే ఉందని
చెప్పినవాళ్లు చెప్పారు, చాలా మెల్లగా.

ఆమె విని, కిటికీ తెరిచింది.
జూన్ నెల. ఎముకలు కొరికే చలి.
వీపున పాపను కట్టుకున్న తల్లి మూసింది.
ఆమె తెరిచింది. టోపీ ముసలాయన మూశాడు.
నేనే అరిచాను, "చచ్చిపోతున్నాం, ముయ్యవే తల్లీ!"
ఆ పూట పద్దెనిమిది మందిమి
ఒకరి ఊపిరి ఒకరం తాగుతూ కొండ దిగాం.

సిలిండర్ కోసం ఆమె తమ్ముడు
రెండు లామాల్నీ కుట్టుమిషన్నీ అమ్మాడు.

బతికింది. గొంతు తిరిగి రాలేదు,
ఈల లాంటిదేదో మిగిలింది.
ఇప్పుడు తలుపు మీద గుద్దుతుంది:
సేహాకి రెండు, రియో సెకోకి మూడు.
జనం నేర్చుకున్నారు.

మొదటి టీకా పడింది. రెండోదానికి
ఐదుసార్లు వెళ్లాం.
"విమానం రావాలి" అంటుంది నర్సు,
తనకీ ఒకటే పడిందట.
డబ్బున్న దేశాల్లో మూడోది మొదలైందని
మూలనున్న రేడియో చెబుతోంది.
ఫ్లోరెంసియా బల్ల మీద
వేలి కణుపుతో కొట్టింది. నాలుగుసార్లు.
నాలుగంటే ఏ స్టాపో నాకూ తెలీదు.

కిటికీ అద్దం ఊడదీసి
సీటు కింద పడేశాను.
పొద్దున్నే ఎక్కినవాళ్లు తిడుతున్నారు.
తిట్టనీ.