లోడు పెట్టి చూడు

రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద దుకాణం.
గొడుగు తెరిస్తే అటు గోడా ఇటు గోడా తగుల్తుంది.
సూళ్లూరుపేట నుంచి పొద్దుటి బండికి వచ్చి
మొదటి వారమంతా రెసిస్టర్లు ఏరాను.
బియ్యపు గింజంత ఒళ్ళు, రెండు తీగ కాళ్ళు,
నడుముకి రంగుల మొలతాళ్ళు.

గోధుమ, నలుపు, ఎరుపు అయితే వెయ్యి.
గోధుమ, నలుపు, మళ్ళీ గోధుమ అయితే వంద.
చివర్న ఒక బంగారు గీత:
చెప్పినదానికి నూటికి అయిదు అటో ఇటో అయితే
తప్పు పట్టొద్దని ముందే పెట్టుకున్న మనవి.

నేను చెప్పని మాట ఒకటుంది.
నాకు ఎరుపూ గోధుమా ఒక్కటే.
టమాటాలకి నన్ను మా ఇంట్లో ఎప్పుడూ పంపరు.

పన్నెండు వోల్టుల సప్లై, మినుము గింజంత ఎల్ఈడీ.
వెయ్యి అనుకుని వంద వేశాను.
ఎంత బాగా వెలిగిందో!
ఆ తర్వాత టప్పుమని చప్పుడు, కాస్త కమురు వాసన.

దామోదరం మేస్త్రీ తిట్టలేదు.
కాలినదాన్ని అరచేతిలో దొర్లించి
"అడ్డం చాల్లేదురా దీనికి" అన్నాడు.
బడిలో నిరోధం అని బట్టీ పట్టించిన మాట
ఇక్కడ ఇంత పొట్టిగా ఉంది.
నా కళ్ళలోకి ఒక్క నిమిషం చూశాడు.
మీటరు నా వైపు జరిపాడు.
"రంగులొదిలెయ్. ముల్లు చెప్పింది రాయి."

ఆయనది చింతాద్రిపేట తెలుగు.
నాలుగు తరాలుగా నోట్లోనే ఉంది,
కాగితం మీదికి ఎన్నడూ దిగలేదు.
అందుకని ఆయన చెప్పడం, నేను రాయడం,
ఖాళీ అగ్గిపెట్టెల మీద, బాల్‌పెన్ను నొక్కి నొక్కి:
వంద. వెయ్యి. నలభై ఏడు వందలు.
"వెయ్యి ఇట్టా ఉంటాదా? తోకుందే దీనికి!"

ఒకసారి అడిగాను, ఈ తీగలో వోల్టేజి ఎంతని.
"ఎక్కణ్ణించి?" అన్నాడు.
నల్ల మొన ఎక్కడ ఆనిందో చెప్పకుండా
ఎర్ర మొన నోరు విప్పదట.
ఒంటి చోటుకి ఎత్తూ లేదు, పల్లమూ లేదు.
"కాకిని చూడు, రెండు కాళ్ళూ ఒకే తీగ మీద పెడతాది.
నీకన్నా నయం."

తుఫాను దాటుతుందన్న సాయంత్రం
వీధి వీధంతా ఎమర్జెన్సీ లైట్ల మీద పడింది.
ఐస్‌హౌస్ నుంచి నర్సు శెల్వరాణి
పాత లైటొకటి చీర కొంగులో చుట్టి తెచ్చింది.
బ్యాటరీకి మీటరు ఆనించాను. ఆరుంబావు.
"బానే ఉందక్కా" అన్నాను, డాక్టరులా.
వెనకనించి మేస్త్రీ: "లోడు పెట్టి చూడు."
బల్బు తగిలించాను.
ముల్లు ఆరు దిగింది, అయిదు దిగింది,
మూడున్నర దగ్గర కూలబడింది.

"ఊరికే కూచోబెట్టి అడిగితే
ఏ బ్యాటరీ అయినా ఆరనే చెప్తాది.
దాని లోపలా ఒక అడ్డం ఉంటాదిరా,
ముసలయ్యేకొద్దీ పెరగతాది.
దానికి మాత్రం గీతలుండవు."
కొత్తది వేసిచ్చాడు. మిగతా డబ్బు రేపన్నాడు.

ఏడింటికి కరెంటు పోయింది.
నీళ్ళొస్తే ముందు మునిగేది మా మెట్ల కిందే.
సరుకంతా పై గదికి చేర్చాలి.
పొద్దున ఎలా ఉన్నారంటే "బెమ్మాండం" అన్న మనిషి
అగ్గిపెట్టెల ట్రేతో ఎనిమిదో మెట్టు మీద ఆగాడు.
తొమ్మిదో మెట్టు మీద గోడ పట్టుకున్నాడు.

నేనేమీ అనలేదు.
ట్రే అందుకున్నాను.
పైన, ఎవరికీ ఏ రంగూ లేని చీకట్లో,
ఊపిరి కుదుటపడ్డాక
ఒక అగ్గిపెట్టెను వేలితో తడిమి
"వెయ్యి కదూ ఇది" అన్నాడు, "తోక తగలతాంది."
నాకేం కనిపిస్తుంది?
ఔనన్నాను.