సంతకం పెట్టవలసిన చోటు

పై అంతస్తు మీటింగు హాల్లో
నెలకోసారి బ్యాడ్జీల విచారణ.
సభ్యులు ముగ్గురు, ఫ్యాను ఒకటి,
అన్న మాట అన్నట్టు టైపు కొట్టడానికి నేను.

కాయితం మీద ప్రశ్న ఎప్పుడూ ఒకటే:
ఇతను జనాన్ని ఎక్కించుకోవడానికి తగినవాడేనా?
నడపడం ఎవరైనా నేర్చుకుంటారు,
మనం చూడాల్సింది నడత అంటారు చైర్మన్ గారు.
నడపడానికీ నడతకీ మధ్య దూరానికి
ఏ ఆటోలోనూ మీటరు లేదు.

పదకొండో ఫైలు.
గుడిపూడి ఆశీర్వాదం, యాభై ఎనిమిదేళ్లు.
లాడ్జి సెంటరు నుంచి నల్లపాడు,
ముప్ఫై ఒక్క ఏడాదిగా అదే రోడ్డు.
రెండు చలాన్లు. ఎప్పుడో స్ట్రైకులో ఓ కేసు, కొట్టేశారు.
పోయిన నెల ఒక ఫిర్యాదు.

ఫిర్యాదు చేసినామె నర్సు.
రాత్రి పదకొండున్నర, మిర్చి సీజను,
యార్డు దగ్గర లారీలు బారులు తీరి ఎదురొస్తుంటే
ఆటో పక్కకి తీసి ఆపేశాడట.
"దిగమ్మా" అన్నాడట. అంతే.
డబ్బులు కూడా అడగలేదట.
తెగిన చెప్పు చేత్తో పట్టుకుని
ఘాటుకి దగ్గుకుంటూ
కిలోమీటరు పైన నడిచానండీ అంది.
ఆ మాట అంటున్నంతసేపూ
చేతిసంచి జిప్పు తెరుస్తోంది, మూస్తోంది, తెరుస్తోంది.
అది నేను టైపు చెయ్యలేదు.

"ఎందుకు దింపేశావు?"

ఖాకీ చొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకొచ్చాడు.
చేతులు కట్టుకున్నాడు.
"తాగున్నానండయ్యా."

ఇంత తేలిగ్గా ఎవరూ ఒప్పుకోరు ఈ హాల్లో.
నర్సు తలెత్తింది.
"వాసనేం రాలేదండీ" అంది మెల్లగా,
తన ఫిర్యాదుకి తనే అడ్డం పడుతూ.
"మిరపకాయ ఘాటులో ఏం తెలుస్తదిలే తల్లీ"
అన్నాడు ఆశీర్వాదం.

మూడు నెలలు సస్పెన్షను. మళ్లీ జరిగితే బ్యాడ్జీ రద్దు.
టీ వచ్చింది. పన్నెండో ఫైలు తీశారు.

సంతకానికి కాయితం నేనే పట్టుకెళ్లాను.
పెన్ను ఇచ్చి గీత చూపించాను.
పెన్ను మొన గీతకి జానెడు కింద
కాయితం దాటి బల్ల మీద ఆగింది.
ఎడమచెయ్యి అంచు కోసం తడుముతోంది,
కరెంటు పోయిన ఇంట్లో
తలుపు గడియకి తడుముకున్నట్టు.

తాగినోడికి మూడు నెలలు.
చూపు పోతున్నోడికి ఎన్నాళ్లని రాస్తారు?

ఆ రాత్రి లారీ లైట్లన్నీ కలిసిపోయి
ఎదురుగా ఒకటే తెల్లగోడ లేచి ఉంటుంది.
అయినా ఆమె నడిచింది నడిచిందే.
చెప్పు తెగింది తెగిందే.

నేనేం చేశానో కూడా చెప్తాను.
కాయితం జరిపాను.
పెన్ను ఉన్న చోటికి గీతని తీసుకెళ్లాను.
పేరు ఒంకరగా పడింది,
చివరి సున్న మాత్రం గీత బయట.
"సల్లగుండమ్మా" అన్నాడు,
నాతో కాదు, నా పక్కన ఖాళీ కుర్చీతో.

ఇవాళ తొంభై రెండో రోజు.
నేను లెక్కపెట్టానని ఎవరికీ తెలీదు.
ఆఫీసు అయ్యేసరికి వాన, చీకటి.
లాడ్జి సెంటర్లో గొడుగు కింద నిలబడితే
నల్లపాడు నల్లపాడు నల్లపాడు
అని ఆ గొంతే.
వెనక సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని ఓ ముసలామె,
ట్యూషను బ్యాగుతో ఓ పిల్ల,
ఇంకొకరికి చోటు.
"ఎక్కమ్మా, ఎక్కు" అంటున్నాడు
నేను లేని వైపు చూస్తూ.
అద్దం మీద వైపరు అటూ ఇటూ తుడుస్తోంది,
ఎవరి కోసమో.

ఒక కాలు లోపల పెట్టాను.
ఆ రోజు బల్ల మీద కాయితం జరిగిన చప్పుడు,
చిన్నదే,
వానలో కూడా వినపడింది.

కాలు వెనక్కి తీసి
ఆ పిల్లతో అన్నాను:
"దిగమ్మా."

ఎందుకని అడుగుతోంది.
నా దగ్గర గొడుగు ఒకటే ఉంది.