గాలి వాటా

బుడగట్లపాలెం ఇసకలో
సరుగుడు పడుతోంది, నాలుగేళ్ల తోట.
దాలమ్మ వయసు చెప్పదు, నరుకులు చెబుతుంది:
నాలుగో నరుక్కి మనువు,
పదమూడో నరుక్కి కంటి ఆపరేషను.
ఇది పద్నాలుగోది.

లారీ నిండా వాసాలు.
ఏ ఊళ్లోనో పచ్చి శ్లాబుని మోస్తాయి,
అది గట్టిపడిన రోజున
ఊడబీకి పక్కన పడేస్తారు.
మండలు పొయ్యికి.
రాలిన సూదులాకు, ఊడ్చుకున్నవాళ్లకి.

రాత్రి హోరు సగమైంది.
తోటదెంతో సముద్రానిదెంతో
ఇన్నాళ్లూ ఎవరూ పంచి చూళ్లేదు.
ఊరు దొర్లుతూ పడుకుంది.

"ఆ ఒడ్డు వరసలు కూడా కొట్టించీ"
అన్నాడు కంట్రాక్టరు.
"అది గాలి వాటా బావూ.
హుద్‌హుద్‌ నాడు అదే పట్టుకుపోనాది,
మా కొంపలొగ్గేసి."

తెల్లారేసరికి తడిగోనెలో నారు.
ఇసకలో గునపానికి చప్పుడుండదు.
మొక్కకీ మొక్కకీ రెండు మూరలు,
ఆమె మూరలే, కొంచెం పొట్టివి.

నీళ్లు మోస్తున్న నీలవేణి అడిగింది:
"పదిహేనో నరుకు సూస్తావేటే అప్పా?"

"సూడ్డానికేటి నాటతారే?
బిందె దించు,
ఎండెక్కుతాది."