ఒకటా, మూడా

గుణుపురం యూనియన్ క్లబ్బు మినిట్సు పుస్తకంలో
ఎడమ పేజీ ఒడియా, కుడి పేజీ తెలుగు.
రెండూ నా చేతిరాతే.
ఒకటి అంకె రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే,
మూడూ అంతే, తోక కాస్త అటూ ఇటూ.
అంకెల దగ్గర మాకెప్పుడూ తగువు రాలేదు,
మొన్నటి ఆదివారం దాకా.

జోసియా రయిత మూడేళ్లకు కాగితం అడిగాడు.
నెలకు ఏడువేలు, బస్తా బియ్యం, బూట్లు మావి.
వయసు ముప్ఫైఆరంటుంది ఓటరు కార్డు,
ముప్ఫైతొమ్మిదంటుంది పుట్టాసింగి చర్చి పుస్తకం.
ఎడమ మోకాలి వయసు ఏ పుస్తకంలోనూ లేదు.

"సంతలో ఎద్దుకైనా పళ్లు చూస్తాం గదా" అన్నాడు
ప్రెసిడెంటు కోరాడ సూర్రావు, ఎరువుల షాపు.
"నిన్న ఆపిన గోలుకి రేపు జీతమేటి?"
పాణిగ్రాహి బాబు "గోటియే బొర్సొ" అని
ఒక్క వేలు ఎత్తి, దించడం మర్చిపోయాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, రాస్తూనే.

కానీ నేను చూశాను.
కుర్రాళ్లు బంతి వెనక పరిగెడతారు.
జోసియా నాలుగడుగులు పక్కకు నడుస్తాడు,
బంతే వచ్చి అతని ఛాతీకి తగులుతుంది
తప్పిపోయిన మేక పొద్దుగూకి పాకకొచ్చినట్టు.
కాశీనగరం వాళ్లతో ఫైనలు, వాన,
వంశధార గట్టు మీద జనం గొడుగులు మూసేసి నిలబడ్డారు.
తొంభై నిమిషాల్లో అతను పరిగెత్తింది రెండుసార్లు.
రెండుసార్లూ గోలు గీత దాకా.
గెల్చిన మేకపోతు తాడు అతని చేతికే ఇచ్చారు.
ఆ రాత్రి కూరలో మెడ ముక్క నాకూ వచ్చింది.

అయితే బెంచీ మీద దయానిధి ఉన్నాడు.
పంతొమ్మిదేళ్లు, అదే చోటు ఆడతాడు,
రెండేళ్లుగా అందరికీ నీళ్ల సీసాలందిస్తున్నాడు.
పెద్ద కాలికి మూడేళ్లు రాస్తే
చిన్న కాలికి మూడేళ్లు కొట్టేసినట్టే.
ఈ మాట అన్నది నేనే. మినిట్సులో లేదు.
డబ్బు నలభైయొక్క దుకాణాల చందా.
మోకాలు జారితే నలభైయొక్క మందీ
నా సైకిల్ ఆపి మరీ అడుగుతారు.

గది బయట, రేకు చూరు కింద,
చెప్పులు విప్పి నిలబడ్డాడు జోసియా.
కిటికీలోంచి మోచెయ్యి మాత్రం కనబడుతోంది.
పన్నెండేళ్లుగా ప్రతి మార్చిలో అక్కడే నిలబడ్డాడట.
పన్నెండేళ్లుగా రాస్తున్నది నేనే,
ఎప్పుడూ కిటికీ వైపు చూడలేదు.

పిలిచాం. ఒకటే అన్నాం.
అతను తెలుగులోనే చెప్పాడు, కొండ దిగొచ్చిన తెలుగు:
"ఒకటే రాయండి బాబూ. నా కాలు నాకు తెలుసు.
మూడు అడిగింది ఆడ్డానికి కాదు.
రెండు మార్చిలు ఈ గుమ్మం కాడ
నిలబడకుండా ఉంటాదని."

ఫ్యాను చప్పుడు.
సూర్రావు రశీదు పుస్తకం అంచులు సర్దాడు,
అవి సరిగ్గానే ఉన్నాయి.

నేను నీటిపన్ను సెక్షనులో గుమస్తాని.
పదకొండు నెలల కాగితం, ఒక నెల విరామం,
మళ్లీ పదకొండు.
ఇరవైరెండేళ్లుగా నాకు పన్నెండో నెల లేదు.
గుమ్మం ఎంత చల్లగా ఉంటుందో నా అరికాలికి తెలుసు.

రెండు పేజీల్లోనూ ఒకటి అంకె వేశాను.
కింద, ఎవరూ చెప్పకుండా, ఒక వాక్యం చేర్చాను:
ఆటగాడు అడగడు. ఫిబ్రవరి నెలాఖరులోగా
కమిటీయే అతని ఇంటికి పోయి
ఔనో కాదో చెప్పాలి.

చదవకుండానే అందరూ సంతకాలు పెట్టారు.

పుట్టాసింగి బస్సెక్కాల్సింది నేనే.
'కాదు' అనే మాటని సవర భాషలో ఏమంటారో
ఇప్పటినుంచే ఎవరినైనా అడిగి పెట్టుకోవాలి.
'ఔను' కూడా.