మూజువాణి

పలాస పారిశ్రామికవాడ, మూడో వీధి,
మా జీడిపిక్కల షెడ్డు.
గ్రేడింగు బల్ల పక్కన పాత టీవీ.
సీరియళ్ళ కోసం కొన్నది,
ఈవేళ పార్లమెంటు పెట్టమన్నాను.
సంఘం లెక్కలు రాసేదాన్ని, అర్జీ పెట్టినదాన్ని,
ఆ మాట చివరిదాకా వినాలి నాకు.

"సూరీడి మీద సట్టమేటే?" అంది దాలమ్మ
కాలితో మిషను తొక్కి పిక్కని రెండు చేస్తూ.
సూర్యుడి మీద కాదు,
ఆయన్ని వాడుకునే తీరు మీద అన్నాను.
"ఇన్నాళ్ళూ తప్పుగా వాడీసుకున్నామేటి మరి?"
కళ్ళంలో పిక్కలు తిరగేసి వచ్చిన ఆడవాళ్ళు
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తెరమీద తెల్లచొక్కా ఆయన గిగావాట్లు చదువుతున్నాడు.
ఎదుటి వరసలో ఆవిడ లేచి
తిండి తయారుచేసే చిన్నవాళ్ళకి చేయూత ఏదని నిలదీసింది.
బిస్కెట్లంది, టమాటా గుజ్జంది, ఎండుచేపలంది.
జీడిపప్పు అంటుందేమోనని
పదకొండుమందిమీ చేతులాపేం.
గంట మోగింది. కూర్చుంది.

జీవ ఇంధనం అంటే ఏమిటో ఎవరో చదివారు:
వరి ఊక, చెరకు పిప్పి, ఇంకా
"అటువంటి ఇతర వ్యర్థములు".
ఆ ఇతరలో ఉన్నామో లేదో!
మా బాయిలరు తినేది జీడి తొక్కే,
జిగట పొగ, నల్లగా,
దమయంతి ఆరేసిన చంటిదాని గౌను మీద
రోజూ సంతకం పెట్టి పోతుంది.

సోలారు డ్రయ్యరు ఇప్పించమని మా అర్జీ.
ఇంజినీరొచ్చి కప్పుకేసి చూసి పెదవి విరిచాడు.
తిత్లీ తుపాను ఎత్తుకెళ్ళాక సగం రేకులు అరువువి.
"పలకల బరువు మొయ్యదమ్మా ఇది" అంటుంటే
రేకు చిల్లులోంచి ఎండ
ఆయన బూటు మీద రూపాయి బిళ్ళంత పడింది.
ఆయన చూళ్ళేదు.

అప్పుచేసి ఇనప దూలాలు వేశాం.
అప్పుడు వేలిముద్ర కావాలన్నారు.
సంఘం అధ్యక్షురాలు దాలమ్మే కదా,
మీసేవలో బొటనవేలు ఆరుసార్లు పెట్టింది.
కడిగి పెట్టింది. తలకి రాసుకుని పెట్టింది.
ప్రతిసారీ కుయ్యిమంది పెట్టె.
ముప్ఫయ్యేళ్ళ జీడినూనె
వేలిమీది గీతలన్నీ నాకేసింది.
"మడిసినే కానంతాదేటి ఇది?"
కోపంగా కాదు,
తూకంలో తేడా వస్తే అడిగినట్టు అడిగింది.

టీవీలో ఎవరో "అనుకూలురు అవుననండి" అన్నారు.
ఒక హోరు.
"కాదనేవారు?"
సన్నగా, అక్కడక్కడా.
బిల్లు గట్టెక్కింది.
"ఏలు పెట్టకండానే?" అంది దాలమ్మ.
మూజువాణి. నోటిమాట చాలు వాళ్ళకి.

పిక్క ఒకటి తొక్కింది.
ఇంకొకటి.
చేతులకి బూడిద రాసుకుంది.
"అలగయితే నానూ నోటితోనే సెప్తాను, రాసుకో.
నాను దాలమ్మని. ఉన్నాను."

ఏ గడిలో రాయాలో తెలీక
లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాశాను,
తారీఖు వేసి.
గుండుపప్పు డబ్బా ఒకటి నిండింది.
దమయంతి లేచి
సీరియల్ పెట్టింది.